ఆశీర్వాదం చేసిన ఉద్యోగం

బాపట్లలో ఆ ఉదయం ముసురు పట్టి ఉంది. రిబ్కా వంటింట్లో పీట వేసుకుని మూడేళ్ళ కూతురు కుమారికి ఉప్మా తినిపిస్తోంది. పిల్ల నోరు తెరిచినప్పుడల్లా చెయ్యి దానంతటదే కదులుతోంది. గిన్నె ఖాళీ అయ్యాక కూడా కదిలింది.

భర్త ఆశీర్వాదం వేసవిలో ఊటీ నుంచి సెలవు మీద వచ్చి, కామెర్లతో పోయాడు. అప్పటినుంచి ఆమె ఏడవలేదు. చర్చివాళ్ళు వచ్చి ప్రార్థన చేసినా, బంధువులు గుండెలు బాదుకున్నా, ఆ ఏడుపు పక్కింట్లోంచి వినిపిస్తున్నట్టే ఉండేది. ఏడిస్తే తేలికపడతావని అందరూ అన్నారు. అత్తగారు కొండమ్మ మాత్రం అనలేదు.

వసారాలో మామగారు ఆదాము మాస్టారు ఎవరితోనో మాట్లాడుతున్నారు. వచ్చింది వీధి చివర కిరాణాకొట్టు వెంకటరత్నం. గోనెపట్టాలో రేడియో చుట్టి తెచ్చాడు.

"వానకి తడిసి మూగబోయిందండి మాస్టారూ. అబ్బాయిగారుంటే క్షణంలో చూసేవారు. కోడలుగారిది కూడా ఆ రేడియో ఆఫీసేగా అని..."

"పెట్టి వెళ్ళు. చూస్తుందిలే."

మాస్టారు రేడియోని లోపలికి తెచ్చి బల్లమీద పెట్టారు. "రిబ్కా, ఖాళీ చూసుకుని దీని సంగతేంటో చూడమ్మా."

"నాకు రేడియో బాగుచెయ్యడం రాదు మావయ్యా."

"అదేంటి? మీ ఇద్దరి ఉద్యోగం అదే కదా?"

"కాదండి," అంది రిబ్కా. అదే గొంతుతో, ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు, "సోమవారంతో నా సెలవు అయిపోతుంది. ఊటీ వెళ్ళి ఉద్యోగంలో చేరతాను," అంది.

మాస్టారు ఒక్కసారిగా గొంతు పెంచారు.

"రేపల్లె బడిలో సైన్సు టీచరు పోస్టుకి నేను మాట్లాడి పెట్టాను. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇంటికొస్తావు. మళ్ళీ ఆ కొండ ఎందుకు నీకు?"

"నాకు తెలిసిన పని అక్కడే ఉందండి."

"అయితే నువ్వెళ్ళు. పిల్ల మాత్రం ఇక్కడే ఉంటుంది. వాడి గుర్తు అదొక్కటే మిగిలింది నాకు."

కోపం రావాలని రిబ్కాకి తెలుసు. రాలేదు. పిల్ల మూతి కొంగుతో తుడిచింది.

పెరట్లోంచి బియ్యం కడిగిన చేతులతో కొండమ్మ వచ్చింది. "పిల్ల తల్లితోనే వెళ్తుందండి. నేనూ వెళ్తున్నాను."

"నీకేమైనా మతిపోయిందా?"

"వచ్చినవాళ్ళంతా నా మొహం చూసి ఏడుస్తున్నారు. నాకు ఏడుపు రావట్లేదు. ఈ అమ్మాయికీ రావట్లేదు. మేమిద్దరం ఒకచోట ఉంటే, ఎందుకు ఏడవవని అడిగేవాళ్ళుండరు. పిల్లని నేను చూసుకుంటాను, అమ్మాయి పనికెళ్తుంది."

నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ అంతసేపు ఎదురు మాట్లాడ్డం అదే మొదలు. మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. బల్లమీది రేడియో వైపు చూస్తూ, "రేడియోలు కాకపోతే వాడేం చేసేవాడమ్మా?" అని అడిగారు.

రిబ్కా గోడకి ఆనుకుని కూర్చుంది.

"చాలా దూరాన గెలాక్సీలుంటాయి మావయ్యా. నక్షత్రాల్లా కనిపించే క్వేజార్లని మరికొన్ని. వాటినుంచి రేడియో అలలు వస్తాయి, కంటికి కనపడవు. అక్కడ కొండవాలు మీద అరకిలోమీటరు పొడవున తీగలు కట్టిన టెలిస్కోపు ఉంది. చంద్రుడు నడుస్తూ నడుస్తూ వాటిల్లో ఒకదానికి అడ్డం వస్తాడు. అప్పుడు అలలు ఆగిపోతాయి. ఎలా తగ్గుతూ ఆగాయో కాగితం మీద గీత పడుతుంది. ఆయన ఆ గీత తీయించేవారు. అది చూసి, ఆ వస్తువు సరిగ్గా ఎక్కడుందో, ఎంత వెడల్పో, ఒకే ముక్కో రెండు ముక్కలో నేను లెక్కగట్టేదాన్ని. ఇంతవరకూ ఎవరికీ రూపం తెలియనివాటికి ఒక్కొక్కదానికీ రూపం గీయడం. అదండి మా పని."

మాస్టారు ప్రతి మాటా పాఠం వింటున్నట్టు విన్నారు. "మరి సెలవులకి వచ్చినప్పుడల్లా ఊళ్ళోవాళ్ళ సెట్లన్నీ ముందేసుకుని కూర్చునేవాడే?"

"మా వాడు రేడియోల ఇంజనీరని మీరు అందరితో చెప్పారు కదండి. మీ మాట తేలిక కాకూడదని, ఊటీ బజార్లో ఒక మెకానిక్ దగ్గర కూర్చుని నేర్చుకున్నారు."

ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన మాస్టారు రేడియో మీద చెయ్యి వేశారు. "నేను ఒక్కసారి అడిగుంటే చెప్పేవాడు కదమ్మా."

"చెప్పేవారు మావయ్యా. అడుగుతారని ప్రతిసారీ చూసేవారు."

ఆ మాట అన్నాకే అది తనకి వినపడింది. రైలు దిగగానే తండ్రి పక్కన నడుస్తూ, ఈసారైనా అడుగుతారేమోనని మాటిమాటికీ ఆయన మొహంలోకి చూసే ఆశీర్వాదం కళ్ళముందు నిలబడ్డాడు.

"మీతో నేనూ వస్తాను," అన్నారు మాస్టారు కళ్ళు తుడుచుకోకుండానే. "వాడు పనిచేసిన చోటు చూపించు."

"చూడ్డానికి ఏమీ ఉండదండి. ఇనుప కమ్మీలు, తీగలు..." రిబ్కా మోకాళ్ళలో తల పెట్టుకుంది. లోపల ఎక్కడో గడ్డకట్టినది కదిలి, భుజాలు ఎగిసిపడ్డాయి.

కొండమ్మ వచ్చి పక్కన కూర్చుని తడిచేతిని ఆమె వీపు మీద వేసింది. ఆవిడ కళ్ళూ నిండాయి.

ఏడవొద్దని ఎవరూ అనలేదు.