కొత్త చెక్క వాసన

కోడలు చొక్కా చేతి అంచుకు సబ్బు రాసి రుద్దుతూనే ఉంది. తెల్లటి మరక నీళ్లలోకి జారి, కాసేపు తేలి, మెల్లగా బకెట్ అడుగుకు దిగింది. నాలుగు నెలలుగా మామగారి చొక్కాలన్నిటికీ ఇదే మరక. అదీ కుడిచేతి అంచుకే.

"మామయ్యా, పౌడరు ముఖానికి రాసుకుంటున్నారా, చొక్కాకా?" పెరటి గుమ్మంలోంచి కేకేసింది.

"పెళ్లిచూపులున్నాయి కదమ్మా, కాస్త ఎక్కువ పూశాను," అన్నాడాయన లోపల్నుంచి. ఎప్పుడూ నవ్వుతూ బయటికొచ్చే మనిషి ఇవాళ రాలేదు.

ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. పాత ఇనుము కొట్లో కాటా పరీక్షించడానికి వెళ్లినప్పుడు, కరిగించడానికి కుప్ప పోసిన సీసపు ముక్కల్లో ఒకరోజు ఏనుగు బొమ్మ కనిపించిందట. అప్పట్నుంచి ముప్పై అయిదేళ్లు ప్రతి ఆదివారం ఆ కొట్ల చుట్టూ తిరిగాడు. చేపలవాళ్లు వలలకు బరువుగా కట్టుకున్న వాటిని కూడా బతిమాలి తెచ్చుకున్నాడు. రెండువేల ఏళ్లనాటి సీసపు నాణేలు, ఆరువందల పైచిలుకు. ఒకవైపు ఏనుగో, ఓడో, కొండ గుర్తో. చుట్టూ అరిగిపోయిన పాత అక్షరాలు. ఒక్కోదాన్నీ తూచి, భూతద్దం కింద అక్షరం అక్షరం కూడబలుక్కుని, బొమ్మ గీసి పుస్తకంలో రాసుకునేవాడు.

ఆ ఆదివారాలన్నీ నిజానికి కొడుక్కి రావలసినవి. చదువు అంటని కొడుకుతో ఒకసారి విసుగ్గా "పోయి చెక్కలు కోసుకో" అన్నాడు. వాడు నిజంగానే వెళ్లి వడ్రంగం నేర్చుకున్నాడు. అప్పట్నుంచి తండ్రికి వాడు 'మేస్త్రి'. చాలా ఏళ్లు అది వెక్కిరింతే.

ఆరు నెలల కిందట ఎవరూ అడక్కుండానే కొడుకు ఒక బీరువా చేసి తెచ్చాడు. ఒక్క మేకు లేకుండా చెక్కలో చెక్క కూర్చి చేసిన నలభై చిన్న అరలు. ప్రతి అరలో నాణెం ఒదిగేలా గుంటలు. తండ్రి ఒక అర లాగాడు, నెట్టాడు, మళ్లీ లాగాడు. చప్పుడే లేదు.

"బాగా చేశావు మేస్త్రీ," అన్నాడు.

ఆ పూట భర్త మూడోసారి అన్నం పెట్టించుకోవడం కోడలికి ఇంకా గుర్తు. సాయంత్రానికి నాణేలన్నీ రేకు బిస్కెట్ డబ్బాల్లోంచి బీరువాలోకి చేరాయి. ఖాళీ అయిన ఏడు డబ్బాలనూ, మేకులూ మరలూ పోసుకోవడానికి, కొడుకు తన కార్ఖానాకు పట్టుకుపోయాడు.

తర్వాత మామగారికి ఒక కొత్త అలవాటు వచ్చింది. కొడుకు పనికి వెళ్లగానే నలభై అరలూ తెరిచిపెట్టేవాడు. వాడు వచ్చే వేళకు ఒక్కొక్కటే మూసేసేవాడు. పాపం, పగలంతా చూసుకుని మురిసిపోతున్నాడని ఆమె అనుకుంది. "దుమ్ము నేనే తుడుచుకుంటాను, నువ్వు ముట్టుకోకు తల్లీ," అంటే ప్రాణం కదా అనుకుంది.

ఇవాళ మ్యూజియం నుంచి అధికారిణి వస్తోంది. పదిహేడో అరలో ఉన్న ఒక నాణెం కోసం. దాని మీద ఇంకెక్కడా దొరకని ఒక రాజు పేరుంది. మామగారు దాన్ని చదవడానికి పదకొండేళ్లు పట్టింది. అధికారిణి తన కళ్లతో చూసి ఒప్పుకుంటే, ఆ రాజు పేరు మామగారి పేరుతో పాటు మ్యూజియం పుస్తకంలో అచ్చవుతుంది. ఆయన మూడుసార్లు రావద్దని వాయిదా వేయించాడు. చివరికి కొడుకే ఫోన్ చేసి పిలిచాడు.

"నీకు సిగ్గెక్కువైంది నాన్నా, నేను చూసుకుంటాగా," అన్నాడు.

అధికారిణి పదింటికి వచ్చింది. కొడుకు ఉతికిన చొక్కా వేసుకుని బీరువా పక్కనే నిలబడ్డాడు. "పనితనం చూడండి మేడం," అంటూ తనే పదిహేడో అర లాగాడు.

అరలో పిండి చల్లినట్టుంది.

అధికారిణి చేతులకు తొడుగులు వేసుకుని నాణేన్ని ఎత్తబోయింది. అంచు విరిగి రాలింది. మరో అర లాగింది. ఇంకొకటి. ప్రతి అర మూలనా చిన్న సున్నం పొట్లం ఉంది.

"తుడిస్తే పోదా మేడం?" కొడుకు అడిగాడు.

"ఈ పొడే నాణెమండీ. కొత్త చెక్క, జిగురు, వార్నిష్... వాటి ఆవిరి సీసాన్ని తినేస్తుంది. మూసిన అరలో మరీను." ఆమె మామగారి వైపు తిరిగింది. "సార్, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ సంగతి చెప్పింది మీరే కదా?"

మామగారు కుర్చీ చేతిని వేలితో గీస్తూ కూర్చున్నాడు.

కోడలు తన చేతుల వైపు చూసుకుంది. గోళ్ల సందుల్లో ఇంకా ఆ తెలుపు ఉంది.

"నీకు తెలుసా నాన్నా?" కొడుకు తండ్రి ముందుకొచ్చి నిలబడ్డాడు.

మామగారు తెరిచి ఉన్న అర వైపే చూస్తున్నాడు.

"నిన్నే! తెలిసే పెట్టావా ఇందులో?"

"కొన్నాళ్లు ఆగుతాయేమో అనుకున్నానురా. గాలి తగిలితే... సున్నం పెడితే ఆ ఆవిరిని పీల్చుకుంటుందని..."

"ఒక్క మాట! 'ఒరేయ్, చెక్క పనికిరాదు' అని ఒక్క మాట చెప్తే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా? పుట్టిన దగ్గర్నుంచి నాకు వంద వంకలు పెట్టావే! ఈ ఒక్కటి పెట్టలేకపోయావా?"

"ఈ ఒక్కటీ పెట్టలేకపోయాను."

"తర్వాతైనా తీసేయొచ్చుగా?"

"తీస్తే, ఖాళీ అరలు నీకు కనిపిస్తాయి."

కొడుకు ఒకసారి బీరువా వైపు చూశాడు. గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు. కోడలు వెళ్లి పక్కన నిలబడిందే గానీ, భుజం మీద చెయ్యి వేయాలో వద్దో తెలియలేదు.

అధికారిణి కిటికీ దగ్గర భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. "మొదటి రెండు అక్షరాలున్నాయి సార్. మిగతావి లేవు. మీరు గీసుకున్న బొమ్మ ఉంది, కానీ బొమ్మ చూసి నేను రాయలేను." తనే తప్పు చేసినట్టు తల దించుకుంది. "బాగున్నవి ఇవాళే చెక్కకు దూరంగా తీసేయండి. కొన్నైనా మిగులుతాయి. ఈ పొడి ఒంటికి మంచిది కాదు, అందరూ చేతులు కడుక్కోండి."

ఆమె వెళ్లిపోయాక కోడలు బల్ల మీద పాత పేపర్లు పరిచింది. మామగారు నాణేల్ని ఒక్కొక్కటే దింపసాగాడు. గట్టివి ఒకవైపు, తెల్లబడినవి ఒకవైపు. తెల్లబడినవే పెరుగుతున్నాయి. కాసేపటికి కొడుకు లేచి వచ్చి అరలు లాగి ఇవ్వసాగాడు. తండ్రి చేతిలో ఒక నాణెం విరిగి రాలబోతే, కింద తన అరచెయ్యి పట్టాడు.

"ఏ బల్ల మీదో ఎన్నాళ్లని ఉంచుతాం?" మామగారు ఎవరితోనో అన్నట్టు అన్నాడు. "పెట్టడానికి ఏదీ లేదు కదమ్మా."

ఖాళీ అయిన పదిహేడో అరను ఆయన మళ్లీ బీరువాలోకి నెట్టాడు. చప్పుడు లేకుండా మూసుకుంది. దాన్ని ఒకసారి వేళ్లతో నిమిరాడు.

"బాగా చేశావు మేస్త్రీ," అన్నాడు.

కొడుకు పేపర్ల మీది నాణేల వైపు చూశాడు. తర్వాత మేకుకు తగిలించిన కార్ఖానా తాళాలు తీసుకున్నాడు. తలుపు వెనకున్న పెద్ద గుడ్డసంచీని, ఏడు డబ్బాలు పట్టే సంచీని, చంకలో పెట్టుకున్నాడు.

"ఎక్కడికిరా?" అన్నాడు తండ్రి.

అతను కళ్లు తుడుచుకుని గడప దాటి వెళ్లిపోయాడు.