గుంజకు తగిలించిన చేతితొడుగు

"నాలుగింటికి ఓడ కదులుతుంది. ఆ పేరు ఓడెక్కితే మనవాడు చచ్చినట్టే."

గున్వర్ హౌగ్లి ఇంతకంటే పొడుగ్గా ఎప్పుడూ మాట్లాడదు. నార్వే ఉత్తర కొసన ఉన్న ట్రోమ్సోలో ఒక చేపల దుకాణం పై అంతస్తులో ఉన్న నిఘా కార్యాలయానికి ఆవిడే అధిపతి. ఎదురుగా కూర్చున్న ఏజెంట్ ఎస్కిల్ రొన్నింగ్‌కు యాభై రెండేళ్ళు. ఆవిడ కింద ఇరవై ఏళ్ళుగా పనిచేస్తూ, ఆవిడ నవ్వగా రెండుసార్లు చూశాడు.

విషయం ఇదీ. పరదేశపు గూఢచారి ముఠా నడిబొడ్డున మనవాడు ఒకడు కూర్చుని ఉన్నాడు. కోడ్ పేరు ఈడర్. అసలు పేరు ఒకే ఒక్క ఫైల్లో ఉంది. ఆ ఫైలుకు కాపలా ఉండాల్సిన గుమాస్తాయే దాన్ని అమ్ముకున్నాడు. తెల్లవారేసరికి దొరికాడు గానీ, సరుకు అప్పటికే చేతులు మారింది. ఈడర్‌కు ఆరేళ్ళ కూతురుంది, అక్కడే అతని దగ్గరే ఉంటుంది. పేరు బయటపడితే ఇద్దరినీ ఇంట్లోంచి ఎత్తుకుపోతారు. ఆ తరవాత వాళ్ళ గురించి అడిగే దిక్కు కూడా ఉండదు.

"ఎవరి చేతికి వెళ్ళింది?" అన్నాడు ఎస్కిల్.

"ఈల్వా మొర్క్."

ఎస్కిల్ పళ్ళు కొరికాడు. ఈల్వా డబుల్ ఏజెంట్. వెండి రంగు జుట్టు, నక్కబొచ్చు కాలరు, ఎదుటివాడు తన పెళ్ళాం పేరు మరిచిపోయే చిరునవ్వు. మనకోసం వాళ్ళలో చేరానని మనకు చెబుతుంది, వాళ్ళకోసం మనలో చేరానని వాళ్ళకు చెబుతుంది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. జీతం మాత్రం రెండు చోట్లా తీసుకుంటుంది.

ఆమెను పట్టుకుని సోదా చేస్తే పోలేదా అని ఎస్కిల్ అడిగాడు. చేస్తే ఆమె ఒక్కతే దొరుకుతుందనీ, అందుకునేవాడు జారిపోయి వచ్చే ఓడలో మళ్ళీ వస్తాడనీ గున్వర్ చెప్పింది. పైగా ఆ ముఠాలో మోసేవాళ్ళకు మోసేదేమిటో చెప్పరు. ఈల్వాకు కూడా ఆ పేరు తెలియదు. పేరు ఏ రూపంలో ఉందో గుమాస్తా చెప్పడంలేదు.

తరవాత వేషం ఇచ్చారు. విహారయాత్ర ఓడవాళ్ళు ప్రయాణికులకు ఉచితంగా పంచే ఎర్రకోటు. ఎస్కిల్ దాన్ని చచ్చిన ఎలకను పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. మా ఊరివాడికి ఇంతకు మించిన అవమానం లేదు.

ఎందుకంటే ఓడ వచ్చిన రోజు ట్రోమ్సో మాది కాదు. పద్నాలుగు అంతస్తుల తేలే అపార్ట్‌మెంట్ ఒకటి వచ్చి సూర్యుడికి అడ్డంగా నిలబడుతుంది. దాంట్లోంచి మూడువేల ఎర్రకోట్లు మంచుమీదికి దిగి, నడవడం రాక, గొర్రెల్లా ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని జారుతుంటాయి. ఉన్నది ఏడు గంటలు. ఆ ఏడు గంటల్లో ఊరంతా నమిలి మింగెయ్యాలి. ధ్రువకాంతులు ఎన్నింటికి మొదలుపెడతారని పట్టపగలు పోలీసును అడుగుతారు. ఎవరింటి కిటికీలోంచి అయినా లోపలికి తొంగి చూసి, ఎంత ముద్దుగా ఉన్నారో అంటూ ఫోటో తీస్తారు. అందుకే ఓడ రోజున ఊరివాళ్ళు తలుపులేసుకుని ఇంట్లో కూర్చుంటారు. వాళ్ళ మొహం చూడటం కూడా దండగే అనుకుంటారు.

పదింటికి ఈల్వా ఇంట్లోంచి బయటపడింది. ఎస్కిల్ యాభై అడుగులు వెనక నడిచాడు. చెవిలో వినికిడి యంత్రంలా కనబడే వైర్‌లెస్, చేతిలో కెమెరా దాచిన ఫ్లాస్కు. కెమెరా చలికి పది నిమిషాల్లో చచ్చింది. మిగిలింది ఫ్లాస్కే, దాంట్లో కాఫీ కూడా పొయ్యలేదు మహానుభావులు.

రేవు దగ్గర ఈల్వా ఒక్క క్షణం ఆగింది. మంచులోంచి పిల్లల ఎర్ర ఉన్ని చేతితొడుగు ఒకటి తీసి, దులిపి, కంచె మూడో గుంజకు తగిలించి ముందుకు నడిచింది. ఎస్కిల్ అది కళ్ళారా చూశాడు. ఎంత దొంగదైనా పెంపకం బాగుందే అనుకున్నాడు. మా ఊళ్ళో అందరూ చేసే పనే అది. దారిలో ఎవరో పారేసుకున్న తొడుగు కనబడితే తొక్కరు, తీసుకోరు. పోగొట్టుకున్నవాళ్ళకు కనబడేలా ఎత్తున తగిలిస్తారు. అది ఎండాకాలం దాకా అక్కడే వేలాడుతుంది, ఇంకొకరు ముట్టుకోరు.

తరవాత నాలుగు గంటలపాటు ఈల్వా తిరిగింది. కేఫ్‌లో వాఫిల్ మీద బ్రౌన్ చీజ్ వేసుకుని తిన్నది. జుట్టు కత్తిరించుకుంది. ఎవరితోనూ మాట్లాడలేదు, ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. ఎస్కిల్ ఆమె కూర్చున్న కుర్చీ కింద తడిమాడు, చెత్తబుట్ట వెతికాడు, ఆమె తాగి వదిలేసిన కప్పు అడుగున గోకాడు. ఏమీ లేదు.

రెండున్నరకు ఈల్వా మళ్ళీ రేవు దగ్గరికి వచ్చింది. మూడో గుంజ బోసిగా ఉంది. ఆమె తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది.

ఎవరో పారేసుకున్న తొడుగు కనబడకపోతే ఇంకెవరి మొహమైనా పాలిపోతుందా? ఎస్కిల్‌కు అప్పుడు తెలిసింది. ఊళ్ళో ఏ ఒక్కరూ ముట్టుకోని చోటు చూసి మరీ దాచింది. మంచులో దొరికినట్టు నటించి తన కళ్ళముందే దాచింది, తను మెచ్చుకున్నాడు కూడా. ఇరవై ఏళ్ళ సర్వీసు. థూ, అనుకున్నాడు.

గుంజ ఎదురుగా బండిలో సాసేజీలు అమ్మే యోరున్ను ఈల్వా నిలదీసింది. యోరున్ మూతి తిప్పింది. "ఇంకెవరు? ఓడ బాపతే. తెల్ల కుచ్చుటోపీ ముసలావిడ. జ్ఞాపకంగా దాచుకుంటుందట. అది పసిపిల్లది, నీది కాదు తల్లీ అన్నాను. ఇక్కడ ఎవరూ తీసుకోవడంలేదుగా, మరి నాదే అంది."

ఈల్వా ఎక్కడ పప్పులో కాలేసిందో ఎస్కిల్‌కు అర్థమైంది. ఆమెకు మా ఊరివాళ్ళు తెలుసు. ఓడవాళ్ళు తెలియరు. అందరిలాగే ఆమె కూడా ఏనాడూ వాళ్ళ మొహం చూసిన పాపాన పోలేదు.

ఈల్వా దూరంగా ఉన్న ఒక పొడుగాటి ఎర్రకోటు మనిషికి తల ఊపింది. ఓడకు తిరిగి వెళ్తూ మూడింటికి తొడుగు అందుకోవాల్సినవాడు అతనే. అతను ఆమె వెనకే బయలుదేరాడు. ఎస్కిల్ చెవియంత్రంలో నాలుగు ముక్కలు చెప్పి, మనుషుల్ని పంపమన్నాడు.

ఓడెక్కేముందు ఎర్రకోట్లన్నీ చేరే చోటు ఒకటే. నగర గ్రంథాలయం. చదవడానికి కాదు, అక్కడ మరుగుదొడ్డి ఉచితం. ఈల్వా తిన్నగా అక్కడికే నడిచింది. నిశ్శబ్దమైన హాల్లో పుస్తకాల అరల మధ్య పద్నాలుగు మంది ఆడవాళ్ళు వరసలో నిలబడి ఉన్నారు. మూడో మనిషి తెల్ల కుచ్చుటోపీ. చంకలో సంచి, సంచి మీద ఎర్ర తొడుగు, కోతికి కొబ్బరికాయ దొరికినట్టు.

ఆవిడ పేరు వినిఫ్రెడ్ టాట్‌నల్ అని తరవాత ఫిర్యాదు కాగితంలో తెలిసింది. ఈల్వా ఆవిడ పక్కన చేరి, కళ్ళలో నీళ్ళు తెచ్చుకుని, ఆ తొడుగు తన కూతురిదనీ, పిల్ల పొద్దుటినుంచీ ఏడుస్తోందనీ చెప్పింది. ముసలావిడ మొహం మెత్తబడింది. పొడుగాటి మనిషి అర పక్కన ఫోను ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. మనవాళ్ళు ఇంకా రాలేదు. గోడ గడియారం మూడూ పది చూపిస్తోంది.

ఎస్కిల్‌కు మెరుపులా ఒక ఆలోచన వచ్చింది. మా బాలవాడీల్లో నియమం ఉంది. పిల్లల కోటుకూ టోపీకీ మేజోళ్ళకూ చివరికి తొడుగుకూ పేరు చీటీ కుట్టి పంపాలి. ఈల్వాకు పిల్లల్లేరు. అతను వరస పక్కన నిలబడి గట్టిగా అన్నాడు. "ఒక్క మాటండీ. తొడుగు లోపల పిల్ల పేరు కుట్టి ఉంటుంది. ఈవిడను ఆ పేరు చెప్పమనండి."

తన తెలివికి తానే మురిసిపోయాడు. ఈల్వా తడబడుతుందని చూశాడు.

ఈల్వా తడబడలేదు. ఒక్క క్షణం తొడుగు వైపు చూసి, మెల్లగా నవ్వింది. "నన్నెందుకు అడగడం? మీరే చదవండమ్మా. గట్టిగా చదవండి, అందరూ వింటారు."

పొడుగాటి మనిషి మాట రికార్డయ్యేలా ఫోను ఇంకాస్త ముందుకు జరిపాడు.

ఎస్కిల్‌కు అప్పటికి వెలిగింది. చీటీ. తొడుగు లోపల చీటీ ఉంటే మా దేశంలో ఎవడు అనుమానిస్తాడు? ఆ గుమాస్తా వెధవ ఈడర్ పేరును దాని మీదే రాసి కుట్టాడు. ఎస్కిల్ తన గొయ్యి తాను తవ్వుకున్నా బాగుండేది, తను తవ్వింది ఆరేళ్ళ పిల్లకు.

వినిఫ్రెడ్ కళ్ళజోడు వెతుక్కుంది. జోడు మీద ఆవిరి కమ్మితే తుడుచుకుంది. తొడుగు అంచు తిరగేసి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, నోరు తెరిచింది.

పుట్టి బుద్ధెరిగాక ఎస్కిల్ రొన్నింగ్ మొదటిసారి వరస దాటి దూరాడు. ఇద్దరు ఆడవాళ్ళను తోసేశాడు. తొడుగు లాక్కుని, అంచు నోట్లో పెట్టుకుని, రెండు కుట్లూ పళ్ళతో తెంపి, చీటీ మింగేశాడు.

హాలంతా చల్లబడింది. గూఢచారి అని తెలిస్తే క్షమిస్తారేమో గానీ, వరస తప్పినవాణ్ణి మా ఊళ్ళో క్షమించరు. గ్రంథాలయ ఉద్యోగిని లేచి నిలబడింది.

"ఏం మనిషివయ్యా నువ్వు?" అంది వినిఫ్రెడ్.

"ఏమని రాసుందమ్మా?" అన్నాడు ఎస్కిల్, గొంతులో దారం అడ్డుపడి దగ్గుతూ.

"చదవనిచ్చావా? అక్షరం కూడా కనబడలేదు."

ఎస్కిల్ పిల్లల పుస్తకాల బల్లమీద కూలబడ్డాడు. అప్పుడు వచ్చారు మనవాళ్ళు. పొడుగాటివాడు తలుపు దగ్గర దొరికాడు. ఈల్వా పరుగెత్తలేదు. తాను మొదటినుంచీ మన పక్షమేననీ, ఇదంతా నాటకమనీ జీపు ఎక్కేదాకా చెబుతూనే ఉంది. నాలుగింటికి ఓడ కూత వేసి కదిలింది. మూడువేలలో ఒకడు తక్కువైనాడని వాళ్ళు లెక్క చూసుకున్నారో లేదో తెలియదు. పోతూ పోతూ వినిఫ్రెడ్ ఓడవాళ్ళ కాగితంలో మా ఊరికి ఒకే ఒక నక్షత్రం ఇచ్చింది. కారణం అన్నచోట, ఇక్కడివాళ్ళు పిల్లల బట్టలు తింటారు అని రాసింది.

ఆరింటికి గున్వర్ తెర ముందు కూర్చుంది. క్షేమంగా ఉన్నంతకాలం ఈడర్ రోజూ ఆ వేళకు చేపల వేటగాళ్ళ వెబ్‌సైట్‌లో ఒక వాక్యం రాస్తాడు. ఆరూ రెండు. ఆరూ ఐదు. ఎస్కిల్ కుర్చీ ఆవిడ పక్కకు జరుపుకున్నాడు. ఆరూ ఏడుకు తెరమీద ఒక వాక్యం పడింది. "ఆలస్యమైంది. అమ్మాయికి పన్ను ఊడింది, దిండు కింద ఆ పన్ను తీసి, దేవత ఇచ్చినట్టు నాణెం పెట్టే పనిలో ఉన్నాను."

గున్వర్ నవ్వింది. ఎస్కిల్ లెక్కకు అది మూడోసారి.

"పేరు నీకు కనబడిందా?" అని అడిగింది.

కనబడలేదు. ఈడర్ అసలు పేరేమిటో ఎస్కిల్‌కు ఈనాటికీ తెలియదు. అరగడానికి మాత్రం రెండు రోజులు పట్టింది.