మడిచిన మూల

మా వదిన, అంటే మా ఆయన అక్క, ముప్పై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దింది. చదువుతుంటే ఎక్కడ నమ్మకం పోతే అక్కడ కాగితం మూల మడుస్తుంది. ఆ అలవాటు అక్కాతమ్ముళ్లిద్దరిదీ. మా ఆయనైతే వేలు నాలుకకి అద్దుకుని మరీ పేజీ తిప్పేవాడు, ఛీ! ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదు.

ఆయన పోయి రెండేళ్లు. ఆయనున్నప్పుడు రాసిన నవలనే తిరగరాసి, గొప్పగా వదిన చేతిలో పెట్టాను. మూడొందల పేజీల్లో ఒకే ఒక్క మూల మడిచి, మధ్యాహ్నం తెచ్చి బల్ల మీద పడేసింది. కథలో భర్త డాబా మీంచి పడిపోయే పేజీ.

"ఏం, దీనికేమైంది?" అన్నాను.

"ఎత్తంటే భయపడే మనిషి పిట్టగోడెక్కి ఎందుకు కూర్చుంటాడు? నమ్మేలా లేదమ్మాయ్," అంది నా మొహంలోకి చూస్తూ. "మా తమ్ముడి విషయంలోనూ నాకిదే అర్థం కాలేదు."

ఒళ్లు మండింది. పైకి మాత్రం "మారుస్తాలే వదినా" అన్నాను. ఈ పేజీ నమ్మితే, ఆయన డాబా మీంచి పడ్డ రోజు నేను చెప్పిందీ నమ్ముతుంది. లేకపోతే నా పని అయిపోయినట్టే. ఆమె వెళ్లగానే తలుపు గడియ పెట్టాను.

బయట వాన. ఆరేసిన చొక్కా ఎగిరి గోడ అవతల చిక్కుకుందనీ, కథలో భర్త దాన్ని అందుకోబోయి పడ్డాడనీ రాసి ప్రింటు తీశాను. టీ పెట్టుకుని వచ్చేసరికి మూల మడిచి ఉంది.

ఫ్యాను గాలికేమో అనుకున్నా. ఫ్యాను తిరగడం లేదు.

మళ్లీ రాశాను, కళ్లు తిరిగి పడ్డాడని. ఈసారి కాగితం మీద లావుపాటి నిఘంటువు పెట్టి, గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. వంటింట్లో గ్లాసు దొర్లింది. తల తిప్పింది ఒక్క క్షణమే. నిఘంటువు కదల్లేదు. దాని కింద మూల మడిచి ఉంది. ముట్టుకుంటే... తడి.

ఎంగిలి వాసన.

"ఏం కావాలి నీకు?" అని గాల్లోకి అడిగాను.

చెవి పక్కనే... కాగితం తిప్పిన చప్పుడు.

అప్పుడు రాశాను. ఉన్నదున్నట్టు. నా నవల ప్రతి పేజీ మూలా మడిచి ఇచ్చాడని. నవ్వాడని. గోడ ఎక్కలేదని, ఆనుకుని నిలబడ్డాడని. నేనే తోశానని.

ఆ కాగితం మడత పడలేదు. అరగంట చూశాను. "చాలా?" అని పళ్లు కొరికి, దాన్ని పొయ్యి మీద కాల్చి, బూడిద సింకులో కడిగేశాను. కంప్యూటర్లోనూ చెరిపేశాను. హమ్మయ్య అనుకున్నాను.

ఫోన్ మోగింది. వదిన.

"నా గుమ్మంలో పెట్టి వెళ్లావే, ఆ కాగితం చదివాను," అంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "ఈసారి మూల మడవలేదు."

తలుపు వైపు చూశాను. గడియ పెట్టినట్టే ఉంది.

"ఒక్కటి చెప్పు," గుసగుసగా అడిగింది. "మూల దగ్గర వేలు అద్దినట్టు తడి... ఎన్నిసార్లు తుడిచినా మళ్లీ తడుస్తోందేంటి?"