మూడో మడికి పెట్టిన నీళ్ళు

"మెడ ఎంత లావుందో చూడండి చేతన్," అంటూ అనసూయ ఉల్లిగడ్డను అతని ముక్కు ముందుకు తెచ్చింది.

చేతన్ గడ్డను చూడలేదు, ఆమె కళ్ళను చూశాడు. నిన్నటిదాకా నవ్విన కళ్ళు ఇవాళ ముభావంగా ఉన్నాయి.

బెంగళూరు పక్కన దేవనహళ్ళి దగ్గర అతని పొలంలో ఒక విత్తనాల కంపెనీ అయిదు రకాల ఉల్లిని అయిదు మడుల్లో వేయించింది. అవే రకాలు కర్నూలులోనూ వేశారు. ఏ వాతావరణంలో ఏది ఎంత కాస్తుంది, ఎన్నాళ్ళు నిలవుంటుంది అన్నది తేల్చే బాధ్యత అనసూయది. మూడో మడిలోది ఆమె చదువుకునే రోజుల నుంచి పెంచుకొస్తున్న రకం. అది ఇక్కడ నెగ్గకపోతే ఆమెను కర్నూలుకు పంపించేస్తారు. ఆ సంగతి ఆమె ఫోన్లో ఎవరితోనో చెబుతుంటే చేతన్ విన్నాడు. విన్నాక ఊరుకోలేకపోయాడు.

తూకం రోజున మూడో మడిదే పైచేయి అయింది. ఆ సంతోషంలో చేతన్ తల్లి జయమ్మ పెట్టిన రాగిముద్దను అనసూయ మారు అడిగి మరీ తింది. నెల తిరక్కుండానే షెడ్డులో ఆ గడ్డలు కుళ్ళడం మొదలుపెట్టాయి.

"కర్నూల్లో ఒక్కటీ కుళ్ళలేదు. నా వెరైటీకి ఇక్కడి క్లైమేట్ పడదని రిపోర్ట్ రాసేస్తా," అంది నీరసంగా.

"క్లైమేట్ తప్పేం లేదు మేడమ్."

"మరి?"

చేతన్ ఆమె చేతిలోని గడ్డను తీసుకున్నాడు. చెబితే ఆమె మళ్ళీ తన మొహం చూడదు. చెప్పకపోతే ఆమె ఇన్నేళ్ళ కష్టం తన వల్ల మట్టిపాలవుతుంది.

"కోతకు పదైదు దినాలుండంగా నీళ్ళు ఆపమంటిరి కదా. నాలుగు మడులకు ఆపినా. మూడోదానికి మాత్రం దినామూ పొద్దున్నే వాల్వ్ తిప్పినా. గడ్డ ఊరితే మీదే గెలుస్తాదని. ఆ నీళ్ళకే మెడ ఎండక కుళ్ళినాయి."

షెడ్డు రేకుల మీద వాన మొదలైంది.

"గెలిపించమని నిన్ను అడిగానా?"

కోపంలో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చేసింది. తిట్టు తింటున్నా చేతన్‌కు అది తీయగానే ఉంది.

"అడగలే. మీరు పోగూడదని నాకే ఉండాది."

ఆమె తల తిప్పుకుని లాప్‌టాప్ తెరిచింది. 'దేవనహళ్ళి డేటా చెల్లదు. కారణం, రైతు పొరపాటు' అని పైకి చదువుతూ టైప్ చేసింది.

"పొరపాటు కాదు. కావాలనే చేసినా. అట్లే రాయండి. మాట నాకు రానీ, మీ రకానికి మాత్రం రాగూడదు."

అనసూయ వేళ్ళు ఆగాయి. పెదవి బిగించినా నవ్వు ఆగలేదు. పొరపాటు అన్న మాట కొట్టేసి, అతను చెప్పినట్టే రాసింది.

"ట్రయల్ మళ్ళీ వేద్దామని ఆఫీసులో అడుగుతా. ఈసారి అయిదు మడులకూ సమంగా పెట్టు నీళ్ళు."

"మీది ఓడిపోతే?"

"ఓడిపోతే ఇంకో ఉద్యోగం వెతుక్కుంటా చేతన్. నిన్ను వదిలి మాత్రం పోను."