ఇంజిన్‌కి ఎలా ఉంది?

ఆగండి, ఎక్కడికీ వెళ్లకండి. చేతిలో ఉన్న ఆ రీల్ తర్వాత చూసుకోవచ్చు, ముందు ఇది వినండి. టాటానగర్ రైల్వే కాలనీలో ఒక ముసలి పిల్లి, దాన్ని ప్రాణంలా చూసుకునే ఒక అమ్మాయి, ఆ పిల్లికి అస్సలు గిట్టని ఒక అబ్బాయి. అంతే కథ. కానీ ఎవరిది తప్పో నాకు ఇప్పటికీ తేలడం లేదు, అందుకే మీ దగ్గరికి తెచ్చాను.

అబ్బాయి పేరు పైడిబాబు. స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్. కాలనీ గోడ పక్కన మేడ మీద గదిలో అద్దెకు దిగి నెల కూడా కాలేదు. ఆ ఉదయం నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి, మెట్ల మీద కూర్చుని, ఒక బూడిదరంగు పిల్లికి గిన్నెలో పాలు పోస్తున్నాడు.

"హలో. రోజూ దీనికి పాలు పోత్తన్నది మీరేనా?"

తలెత్తి చూశాడు. ఒక అమ్మాయి. తడి జుట్టు, చేతిలో మూతున్న బుట్ట, కళ్లలో మాత్రం ఇన్‌స్పెక్టర్.

"అవునండి. పాపం ఆకలేసి వత్తంది."

"దానికి కాదు ఆకలి, మీకు. మంచోడు అనిపించుకోవాలని. రెండ్రోజుల్నుంచి విరేచనాలు దీనికి. పదమూడేళ్ల ముసల్ది, పాలు పడవు."

"పిల్లికి పాలు పడవా?"

"కార్టూన్లో పడతాయి."

పైడి గిన్నె వెనక్కి లాక్కున్నాడు. "సారీ అండి. ఇప్పుడేటి చెయ్యమంటారు?"

"బండి తియ్యండి. భాలుబాసాలో డాక్టర్ ఉన్నారు. పాలు మీరే పోశారు కదా, పెట్రోలు కూడా మీరే పొయ్యండి."

త్రివేణి అలా పరిచయమైంది. నాన్న గోవిందరావు గూడ్స్ బండికి గార్డు. అమ్మ లేదు. ఇంట్లో నాయనమ్మ జోగమ్మ. పిల్లి పేరు ఇంజిన్. లోకోషెడ్‌లో పనిచేసిన తాత ముసలయ్య ఒళ్లో అది చిన్నప్పుడు గురగురమంటుంటే ఆయన పెట్టిన పేరది. తాత పోయాడు, ఇంజిన్ మిగిలింది.

డాక్టర్ యోగిత ఇంజిన్ నోరు తెరిచి చూసింది, పొట్ట నొక్కింది, తూకం వేసింది. హిందీలో తీరిగ్గా చెప్పింది. "పిల్లులు నొప్పిని దాచుకుంటాయి. మనకి తెలిసేసరికి చాలా ఆలస్యమైపోతుంది. అందుకే ఈ వయసులో బాగున్నా సరే, ఆర్నెల్లకోసారి తీసుకురండి. బరువు, పళ్లు, రక్తం, యూరిన్, బీపీ అన్నీ చూస్తాను."

"పిల్లికి బీపీయా?" అన్నాడు పైడి.

"మీ బండెక్కి వచ్చాక ఎవరికైనా వత్తాది," అంది త్రివేణి.

మందులతో కడుపు కుదుటపడింది. కానీ ఇంజిన్ మంచం కింద దూరి త్రివేణి వైపు చూడడం మానేసింది. సూది పొడిపించిన మనిషి కదా. త్రివేణి నేల మీద పడుకుని బతిమాలినా రాలేదు.

నాలుగు రోజుల తర్వాత మెట్ల దగ్గర పైడిని పట్టుకుంది. అప్పటికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చేసింది.

"ఈసారి నుంచి నువ్వే తీసుకెళ్లు. ఆ బుట్ట, ఆ సూది, ఆ వాసన అన్నీ నీ మొహంతో గుర్తుండిపోవాలి. ఇంటికొచ్చాక ఒళ్లో కూర్చోబెట్టుకోడానికి నేనుంటా."

"అంటే నేను విలన్."

"విలన్ లేకపోతే సినిమా ఏటి నడుత్తాది, యార్?"

పైడి నవ్వాడు. ఆ అమ్మాయి నవ్వలేదు.

"ఇంకోటి. డాక్టర్ ఏం చెప్పినా నాకు చెప్పకు. వచ్చి, బాగుంది అను. చాలు. అమ్మకి బాలేనప్పుడు ఆస్పత్రిలో రిపోర్టులన్నీ నేనే విన్నాను. ఇంక నా వల్ల కాదు."

పైడి తలూపాడు. ఆ అమ్మాయి ఆ మొహంతో అడిగితే మీరైనా ఊపేవారు.

చలికాలంలో పైడి ఒక్కడే వెళ్లాడు. జుగ్సలాయి రోడ్డు పొడుగునా బుట్టలోంచి అరుపులు. సిగ్నల్ దగ్గర ఒకాయన, "క్యా భాయ్, కిస్కో ఉఠాకే లే జా రహే హో?" అని, ఎవర్నో ఎత్తుకుపోతున్నట్టే అడిగాడు. టెస్టులన్నీ మంచిగా వచ్చాయి. ఇంటికొచ్చి బుట్ట దించగానే ఇంజిన్ పైడిని చూసి బుస్సుమని, ఒక్క గంతులో త్రివేణి ఒళ్లో పడింది.

"ఎలా ఉంది?"

"బాగుంది. నా చెయ్యే బాలేదు, చూడు, ఎలా గీకేసిందో."

త్రివేణి పకపకా నవ్వి, ఆ చెయ్యి పట్టుకుని డెట్టాల్ రాసింది. గీతలు మూడే. దూది మాత్రం చాలాసేపు నడిచింది.

తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు. మేడ మీద బట్టలు తీసే వంకతో మాటలు, ఆమె బ్యాంకు పరీక్షకి చదువుతూ మధ్యలో చూపులు. ఒక సాయంత్రం తొలి వాన పడుతుంటే రేకు కింద ఇద్దరూ ఇరుక్కుని నిలబడ్డప్పుడు పైడి నోరు విప్పాడు.

"నీతో ఒక మాట చెప్పాల."

"చెప్పక్కర్లేదు. ఇంజిన్‌కి తప్ప కాలనీ అంతటికీ తెలుసు."

గోవిందరావుకి కూడా తెలుసు. ఆయన ఒకటే చెప్పాడు. "కాంట్రాక్టు పని ఇవాళుంటాది, రేపుండదు. ఇద్దర్లో ఒకరికైనా పర్మనెంటు రావాల. అమ్మాయి బ్యాంకు పరీక్ష పాసవనీ, ముహూర్తం నేనే పెట్టిత్తాను."

"అలాగే మావయ్యా," అన్నాడు పైడి. అంత సంతోషం మీద ఉన్నాడు.

ఆ వారమే ఇంజిన్ రెండో చెకప్.

డాక్టర్ యోగిత ఈసారి రిపోర్టు రెండుసార్లు చూసింది. "కిడ్నీలు బలహీనపడుతున్నాయి. భయపడకండి, తొందరగా దొరికింది. దీనికి వేరే తిండి ఉంది, అదే పెట్టాలి. ఉప్పు చేపలు పూర్తిగా బంద్. నీళ్లు బాగా తాగించండి. నెలకి మళ్లీ చూపించండి. జాగ్రత్తగా ఉంటే ఇంకా కొన్నేళ్లు హాయిగా బతుకుతుంది."

పైడి దారంతా మాటలు కూర్చుకున్నాడు. తలుపు తీసిన త్రివేణి చెవి మీద పెన్సిల్, చేతిలో పుస్తకం, మొహం నిండా నవ్వు. "బాగుంది కదా?"

"బాగుంది."

నేను చూసుకుంటాలే, ఆమెకెందుకు బాధ అనుకున్నాడు. అక్కడే పడింది దెబ్బ. డాక్టర్ చెప్పిన తిండి కొని మెట్ల మీద పెడితే, ఇంజిన్ అతన్ని చూడగానే గోడ దూకి పరుగు. విలన్ చేతి కూడు ఎవరు తింటారు? ఆ ఖరీదైన తిండంతా కాకులు తిన్నాయి. కాలనీ కాకుల కిడ్నీలు మాత్రం బాగుపడి ఉంటాయి.

ఇంట్లో జోగమ్మ ప్రతి మధ్యాహ్నం ఎండు నెత్తళ్లు వేయించి దానికో గుప్పెడు పెడుతుంది.

"మామ్మా, దానికా ఎండు చేప మానెయ్యకూడదా?"

"ఏటిరా, నీకు కుళ్లా? ముసల్దాన్ని, దానికీ నాకూ నాలిక్కి ఇంకేటుంది? డాక్టరమ్మ బాగుందన్నాది కదా?"

పైడి గోడ వైపు చూశాడు. "అన్నాది మామ్మా."

నెల తర్వాత చూపించాలి. కానీ ఆర్నెల్లు కాకుండా బుట్ట తీస్తే త్రివేణి ఎందుకని అడుగుతుంది. రెండు పరీక్షల్లో మొదటిది పాసైంది, అసలుది దగ్గర పడింది. వచ్చే వారం అనుకున్నాడు. ఆ తర్వాతి వారం అనుకున్నాడు. మధ్యలో ప్లాంటులో రిపేరు పని వచ్చి రెండు షిఫ్టులు చేశాడు.

ఇంజిన్ సన్నబడింది. బకెట్ దగ్గరే కూర్చుని నీళ్లు తాగేది. ఒకరోజు ముద్ద ముట్టలేదు, కక్కుకుంది, లేవలేకపోయింది. పైడి డ్యూటీలో ఉన్నాడు. త్రివేణి ఆటో ఎక్కి తనే తీసుకెళ్లింది.

అతను పరుగున వచ్చేసరికి క్లినిక్ బయట వానలో నిలబడి ఉంది.

"కిడ్నీల సంగతి డాక్టరమ్మ వానాకాలం మొదట్లోనే నీకు చెప్పిందంట."

"ఆఁ."

"నాతో బాగుంది అన్నావు."

పైడి దగ్గర ఒకే జవాబుంది. అది అనలేదు. ఆమే అంది.

"నేనే చెప్పొద్దన్నాను, తెలుసు. నా మొహం చూసి నీకు నోరు రాలేదు, అదీ తెలుసు. అయినా చెప్పాల్సింది, పైడీ. నేను ఏడ్చేదాన్ని. ఏడ్చి, దాని తిండి మార్చేదాన్ని. నా చేత్తో పెడితే తినేది కదా."

ఇంటి దగ్గర జోగమ్మ ఎవరినీ తిట్టలేదు. "ఇన్నాళ్లూ నా చేత్తోనే పెట్టాను కదే," అని ఒక్కసారి అంది. ఆ ఇంట్లో మళ్లీ ఎండు చేప వేయించలేదు.

సెలైన్ ఇంట్లోనే ఎక్కించాలన్నారు. త్రివేణి సూది పెట్టడం నేర్చుకుంది. పైడి సీసా పట్టుకునేవాడు. అతన్ని చూసి ఇంజిన్ ఇప్పుడు పారిపోవడం లేదు. ఓపిక లేదు. ఒక్కసారి బుస్సుమంటే బాగుండు అనిపించేది అతనికి.

ఒక సాయంత్రం త్రివేణి సూది తీస్తూ అంది. "ఒక మాట ఇయ్యి. ఇంకెప్పుడూ నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పాల. నేనెక్కడున్నా, ఏం చేత్తన్నా."

"ఇచ్చాను."

వారం వారం చూపించారు. ఇంజిన్ కొంచెం కోలుకుంది, గిన్నె దగ్గరికి తనే నడిచింది. త్రివేణి మళ్లీ పుస్తకం తీసింది. రాంచీలో పరీక్ష రోజు పొద్దున్నే రైలెక్కుతూ, "నువ్వుంటావు కదా," అంది.

ఆమె రాంచీ చేరే వేళకి ఇక్కడ ఇంజిన్ ఒక పక్కకి ఒరిగిపోయింది. పైడి, జోగమ్మ క్లినిక్‌కి పరుగెత్తారు. డాక్టర్ యోగిత చూసి, చేతి తొడుగులు తీసేసింది. "ఇవాళ సాయంత్రం దాకా ఉంటే ఎక్కువ. ఇంటికి తీసుకెళ్లండి."

అప్పుడే ఫోన్ మోగింది.

"లోపలికెళ్తే ఫోన్ తీసేసుకుంటారు పైడీ. చెప్పు, ఎలా ఉంది?"

జోగమ్మ అతని చొక్కా పట్టుకుంది. గొంతు రాకుండా పెదాలతో అంది, "బాగుందని చెప్పరా. పిల్లదాని బతుకురా."

పైడి ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చాడు. "బాలేదు త్రివేణీ. ఇవాళ దాటదంట."

అవతల ఎవరో రోల్ నంబర్లు పిలుస్తున్నారు. "సరే," అంది. లైన్ కట్.

రాసే వస్తుందనుకున్నాడు. పరీక్ష రాసుంటే ఇంకా రాంచీలోనే ఉండాల్సిన వేళకి గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడు. చూడకుండానే అర్థమైంది. త్రివేణి నేల మీద కూర్చుని ఇంజిన్‌ని ఒళ్లోకి తీసుకుంది. చాలాసేపటికి సన్నగా, దూరంగా వెళ్లిపోతున్న బండిలా గురగుర వినిపించింది. దీపాలు పెట్టే వేళకి ఆగిపోయింది.

డ్యూటీ దిగి వచ్చిన గోవిందరావు కేకలెయ్యలేదు. అదే ఎక్కువ బాధ. "పరీక్ష అయ్యేదాకా ఆగలేకపోయావా బాబూ," అన్నాడంతే. ముహూర్తం మాట ఆ ఇంట్లో తర్వాత ఎవరూ ఎత్తలేదు.

త్రివేణి మాత్రం ఆ రోజే మేడ మెట్ల దగ్గర అతని చెయ్యి పట్టుకుంది. "నువ్వు చెప్పకపోయుంటే మళ్లీ నీ మొహం చూసేదాన్ని కాదు." ఇప్పటికీ ఆ చెయ్యి వదల్లేదు. మళ్లీ చదువుతోంది.

మొన్న ఆమె ఫ్రెండ్ సుధ బ్యాంకులో చేరిందని ఫోన్ వచ్చింది. త్రివేణి సంతోషంగానే మాట్లాడింది. పెట్టేశాక కిటికీ బయట వాన చూస్తూ ఉండిపోయింది.

"ఆ రోజు నేను చెప్పకుండా ఉండాల్సిందా?" అని అడిగాడు పైడి.

"తెలీదు," అంది. "ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, నిజంగా తెలీదు."

పైడికీ తెలీదు, నాకూ తెలీదు. మీరు చెప్పండి. చెవి దగ్గర ఫోన్, ఒళ్లో ఇంజిన్, చొక్కా పట్టుకుని జోగమ్మ. మీరైతే ఏం చేసేవారు?