హీటర్ పెట్టిన ఫ్రిజ్ మెకానిక్

నేను ఫ్రిజ్‌లు బాగుచేస్తాను. చల్లదనం మీదే నా బతుకు. అలాంటివాణ్ణి, చల్లటి నీళ్ళు తప్ప మరేమీ కోరని రెండు మూగప్రాణుల తొట్టిలో హీటర్ పెట్టాను. నా తెలివికి వేరే సర్టిఫికెట్ అక్కర్లేదు.

అసలు వాటిని కొన్నదే అక్వేరియం షాపులో అమ్మాయి కోసం. వాళ్ళ షాపులో తొట్లకి చల్లటి నీళ్ళు పంపే చిల్లర్ మెషీన్ ఒకటుంది. "కూలింగ్ ఎక్కువైపోతోందండీ" అని ఒకే నెలలో మూడుసార్లు ఫోన్ చేసింది. వెళ్ళి చూస్తే ప్రతిసారీ మెషీన్ నిక్షేపంగా ఉండేది. నాబ్ మాత్రం చల్లదనం వైపు చివరిదాకా తిరిగి ఉండేది.

"పిల్లలెవరో తిప్పేస్తున్నారు, కాస్త కనిపెట్టుకుని ఉండండి," అని పెద్ద ఆరిందాలా చెప్పాను.

ఆమె తల వంచుకుని "సరేనండీ" అంది.

మూడోసారి పనైపోయినా నాకు కదలబుద్ధి కాలేదు. ఎదురు తొట్టిలో నల్లటి ఒళ్ళు, నారింజరంగు పొట్టతో బల్లుల్లాంటివి రెండు కనిపించాయి.

"అవి ఇస్తారా?" అన్నాను.

"న్యూట్లా? చూడ్డానికి బల్లుల్లా ఉంటాయి గానీ కప్పలకి చుట్టాలు. ఇంతకుముందు పెంచారా?"

"చిన్నప్పట్నుంచీ." అప్పటిదాకా నేను పెంచింది గడ్డం ఒక్కటే, అదీ సరిగ్గా రాలేదు.

ఆమె నన్ను ఎగాదిగా చూసి, ఏమేం చేయాలో వివరంగా చెప్పింది. నేను ఆమె కళ్ళే చూస్తూ తలాడించాను.

"నెల తర్వాత ఇంటికొచ్చి చూస్తాను. బాగాలేకపోతే తీసుకెళ్ళిపోతాను. మళ్ళీ మీకు ఏ ప్రాణినీ అమ్మను," అంది.

ఇంటికొస్తుందన్న ముక్క ఒక్కటే నా చెవికెక్కింది.

"ఇంట్లో బల్లుల్ని తరమలేక ఛస్తుంటే కొత్తవి కొనుక్కొచ్చావా?" అంది అమ్మ.

నాలుగు వారాలు అవి పురుగులు తిని, ఈదుకుంటూ బాగానే ఉన్నాయి. రేపు ఆమె వస్తుందనగా ముసురు పట్టింది. పాపం వాటికి చలేస్తుందేమో అనిపించింది. పైగా నా శ్రద్ధ చూసి ఆమె మురిసిపోవాలి కదా. తొట్టి మూతకి కన్నం చేసి, వైరు దూర్చి, చేపలకి వాడే హీటర్ పెట్టాను.

పొద్దున్న చూస్తే పెద్దది నీళ్ళలోంచి పైకొచ్చి గాజుకి అతుక్కుని ఉంది. చిన్నది లేదు. మూత కన్నంలో వైరు పక్కన వేలు దూరేంత ఖాళీ ఉంది.

మంచం కింద, చెప్పుల్లో, టూల్ బ్యాగులో వెతికాను. బెల్లు మోగింది.

ఆమె గొడుగు మూసి లోపలికొచ్చి, నేరుగా వెళ్ళి తొట్టిలో వేలు ముంచింది. "నీళ్ళు వెచ్చగా ఉన్నాయేంటి?"

"హీటర్ పెట్టాను."

"మీరు చేసే పనేంటండీ?"

"ఫ్రిజ్ మెకానిక్‌ని." ఆ మాట అంత సిగ్గుగా ఎప్పుడూ చెప్పలేదు.

"రెండోది ఏది?"

అబద్ధం చెబుదామనే నోరు తెరిచాను. కానీ ఆ చిన్నది ఎక్కడో ఎండిపోతూ ఉంటుందని గుర్తొచ్చి నిజమే చెప్పేశాను.

"వేడికి తట్టుకోలేక నేను చేసిన కన్నంలోంచే పోయింది. నాకు వీటి గురించి ఏమీ తెలీదండీ. మీ షాపుకి రావడానికి ఏదో ఒక వంక కావాలని కొన్నాను. ఎంత కావాలంటే అంత తిట్టండి, ముందు దాన్ని వెతికిపెట్టండి."

ఆమె తిట్టలేదు. హీటర్ ప్లగ్ పీకేసి, "ఇంట్లో చల్లగా, తడిగా ఉండే చోటేది?" అంది.

అది మెకానిక్‌ని అడగాల్సిన ప్రశ్నే, నాకే తట్టలేదు. వంటింట్లోంచి అమ్మ అంది. "బాత్రూములో ఇల్లు తుడిచే మాప్ ఉందమ్మా. ఈ ముసురుకి నిన్నట్నుంచీ ఆరి చావట్లేదు."

ఆ తడిగుడ్డల మడతల్లో చిన్నది హాయిగా ముడుచుకుని ఉంది. ఆమె చేతులు తడుపుకుని దాన్ని మెల్లగా తీసి, గిన్నెడు చల్లటి నీళ్ళలో వదిలింది. అది తోక ఆడించింది. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి.

"నేను చెప్పిన ప్రకారం వీటిని తీసుకెళ్ళిపోవాలి," అంది ఆమె.

"తీసుకెళ్ళండి. నా దగ్గరకంటే మీ దగ్గరే క్షేమంగా ఉంటాయి," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను, కానీ ప్రాణం ఉసూరుమంది.

ఆమె గిన్నె నా చేతికిచ్చింది. "మా నాబ్ ఏ పిల్లలూ తిప్పలేదు," అంది.

"మరి?"

"మీకు మెకానిక్ పని ఎవరు నేర్పారో గానీ... నేనే తిప్పాను."

బుర్రకెక్కడానికి కొంచెం టైం పట్టింది. "మూడుసార్లూనా?"

"మూడుసార్లూ. వేడివైపు తిప్పితే వాటి ప్రాణాలు పోతాయి కాబట్టి చల్లటివైపు తిప్పాను. వంక వెతుక్కోవడం కూడా తెలిసుండాలండీ."

న్యూట్లు మా ఇంట్లోనే ఉండిపోయాయి. రోజూ వచ్చి చూసుకుంటానని ఆమె అంటే, "రోజూ ఈ వానలో వచ్చిపోవడం దేనికమ్మా, వీడు అడగాల్సింది తొందరగా అడిగితే పోలా?" అంది అమ్మ. ఆమె నవ్వు దాచుకోవడానికి గొడుగు వెతుక్కుంది.

మర్నాడు షాపు నుంచి ఫోన్ వచ్చింది. "కూలింగ్ ఎక్కువైపోతోందండీ."

టూల్ బ్యాగు ఇంట్లోనే వదిలేసి వెళ్ళాను.