కవరు లేని కుర్చీ

అలేఖ్య కావాలనే ఒక్క కుర్చీకి కవరు తొడగలేదు.

మిగతా వాటన్నిటికీ తెల్ల గుడ్డ కవర్లు తనే తొడిగింది. మేనేజరు హనుమంతరావుగారు పక్కన నిలబడి మరీ తొడిగించారు. అవి టెంట్ హౌస్ కుర్చీలు. పెళ్ళిళ్ళలో మారిపోకుండా వీపు మీద ఎర్ర రంగుతో టెంట్ హౌస్ పేరు రాసి ఉంటుంది కదా, ఆ పేరు ఆడిటరు కంట పడకూడదు.

దెందులూరు దగ్గర, హైవే పక్కన ఉన్న రొయ్యల ఫ్యాక్టరీ అది. కైకలూరు చెరువుల నుంచి వచ్చిన రొయ్యల్ని ఆడవాళ్ళు పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఐసు నీళ్ళలో నిలబడే ఒలుస్తారు. కాసేపు నడుం వాల్చడం మాట అటుంచి, కూర్చోవడానికి బల్ల కూడా లేదు. హెచ్ఆర్‌లో చేరిన దగ్గర్నుంచీ అలేఖ్య అడుగుతూనే ఉంది. "చూద్దాంలే అమ్మా" అంటూనే ఉన్నారు. ఇన్నాళ్ళకి సరుకు కొనే విదేశీ కంపెనీ ఆడిటర్ని పంపుతుందనగానే స్టోర్ రూముకి 'విశ్రాంతి గది' అని బోర్డు పెట్టి, ఒక్క పూటకి కుర్చీలు అద్దెకి తెచ్చారు. శ్రావణం పెళ్ళిళ్ళకి ఏలూరులో కుర్చీలు దొరక్క తాడేపల్లిగూడెం నుంచి తెప్పించారు. సాయంత్రం వ్యాను వచ్చి పట్టుకుపోతుంది.

వచ్చిన ఆడిటరు పేరు మణిదీప్. ఏ పెద్దాయనో వస్తాడనుకుంటే కుర్రాడు, పైగా వానలో గొడుగు లేకుండా దిగాడు. తడిసిన జుట్టు నుదుటి మీద పడుతుంటే చేత్తో తోసుకుంటున్నాడు. అది చూడముచ్చటగా ఉన్నందుకు అలేఖ్యకి తన మీద తనకే కోపం వచ్చింది.

"కూర్చోండి సార్" అంటూ తలుపు వెనక దాచిపెట్టిన కవరు లేని కుర్చీ అతని ముందుకి జరిపింది.

అతను కుర్చీ తిప్పి చూశాడు. ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టి తడిమాడు. హనుమంతరావుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు.

అతను నవ్వాడు. కూర్చున్నాడు. "సౌకర్యంగా ఉందండీ" అన్నాడు. నిమ్మకు నీరెత్తినట్టు టీ తాగి, నాలుగు ఫొటోలు తీసుకుని బయల్దేరాడు.

అలేఖ్యకి ఒళ్ళు మండిపోయింది. గొడుగు లాక్కుని గేటు దాకా పరుగెత్తింది.

"ఏవండీ! టీ బాగుందా?"

"బాగుందండీ. పంచదారే కొంచెం ఎక్కువైంది."

"కళ్ళు బాగానే పనిచేస్తున్నాయా?"

"మీరు కుర్చీ జరిపినప్పటి నుంచీ బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయండీ."

"వేళాకోళాలు వద్దు! ఆ కుర్చీ వెనకాల పేరు చూసి నవ్వుకున్నారు. నా ఉద్యోగం ఏమైనా పర్లేదనుకుని దానికి కవరు వేయలేదండీ నేను. తమరు హాయిగా కూర్చుని వెళ్ళిపోతున్నారు."

అతని మొహంలో నవ్వు పోయింది. "ఆ వంకర అక్షరాలు నావేనండీ. స్కూల్లో చదివేటప్పుడు వేసవి సెలవుల్లో రాశాను. బుల్లిరాజు టెంట్ హౌస్. ఆ బుల్లిరాజుగారు మా నాన్నగారు."

అలేఖ్య గొడుగు కాస్త వెనక్కి వాల్చి అతని మొహంలోకి చూసింది.

"మా నాన్న కుర్చీలతో ఆడిన నాటకం అని నేనే ఎలా రాయను? రాయకుండా ఎలా ఊరుకోను? ఇంటికెళ్ళి ఆలోచిద్దామని..."

"ఆలోచించండి. మంచి కుర్చీ చూసుకుని కూర్చుని ఆలోచించండి. మా వాళ్ళు నిలబడే ఉంటార్లెండి" అని వెనక్కి తిరిగింది. అప్పుడే వాళ్ళ పక్క నుంచి టెంట్ హౌస్ వ్యాను గేట్లోకి దూరింది.

అలేఖ్య తిన్నగా రొయ్యలు ఒలిచే షెడ్డులోకి వెళ్ళింది. అందరికంటే పెద్దదైన రత్నమాణిక్యం చెయ్యి పట్టుకుంది. ఐసులో నాని ఆ చెయ్యి చచ్చుబడిపోయినట్టుంది.

"పిన్నీ, అందరూ రండి. విశ్రాంతి గది మనదే. బోర్డు కూడా ఉంది."

వ్యాను వాళ్ళు కుర్చీలకి వచ్చేసరికి ఒక్కటీ ఖాళీ లేదు. హనుమంతరావుగారు ఉరికొచ్చారు.

"ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని! ఏంటమ్మా ఇది? నీ ఉద్యోగం ఊడుతుంది!"

"ఊడనివ్వండి. ఊడేదాకా కూర్చునే ఉంటాను."

"లెండర్రా అందరూ!"

"కూర్చుంటే ఇంత బాగుంటుందని తెలీదు బాబుగారూ," అంది రత్నమాణిక్యం కాళ్ళు చాపుకుని. "తెలిశాక ఎలా లేస్తామండీ?"

వ్యానుతో పాటే వచ్చిన బుల్లిరాజుగారు భుజాన తువ్వాలుతో గుమ్మంలో నిలబడ్డారు. ఆయన వెనకాలే తడిసి ముద్దయిన మణిదీప్ వచ్చాడు. "ఇక్కడేం చేస్తున్నావురా?" అని తండ్రి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"ఫంక్షనన్నారు కదండీ," అన్నారు బుల్లిరాజుగారు మేనేజరుతో. "ఇదాండీ మీ ఫంక్షను?"

"అవన్నీ మీకెందుకండీ? లాగించేయండి కుర్చీలు!"

"మనిషి కూర్చున్న కుర్చీ లాగడం మా వ్యాపారంలో లేదండీ. వాళ్ళు లేచాకే పట్టుకెళ్తాను."

"మా ఆర్డరు ఇంకొక్కటి రాదు మీకు!"

"రాకపోతే మానెనండీ."

మణిదీప్ ఫోను తీసి వైజాగ్‌లో వాళ్ళ బాస్‌కి కలిపాడు. అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టాడు.

"సార్, ఇక్కడి విశ్రాంతి గది ఉత్త నాటకమండీ. కుర్చీలు అద్దెవి. కానీ ఈ ఫైలు నేను చూడకూడదు సార్, ఇంకెవరినైనా పంపండి. కుర్చీలు మా నాన్నగారివి."

"అంతేనా?"

"ఇంకోటి ఉందండీ." అతను ఒక్క క్షణం ఆగి అలేఖ్య వైపు చూశాడు. "ఇక్కడ హెచ్ఆర్‌లో ఒకావిడ ఉన్నారు. ఆవిడ మాట ఇక నేను కాదనలేను సార్. న్యాయంగా చూడ్డం నా వల్ల కాదు."

గదంతా గొల్లున నవ్వింది. అటువైపు బాస్ కూడా దగ్గుతో నవ్వు దాచుకున్నాడు. "రేపు నేనే వస్తాను. అప్పటిదాకా సరుకు లోడ్ చేయొద్దని మేనేజరుకి చెప్పు."

హనుమంతరావుగారు కూర్చుందామని అటూ ఇటూ చూశారు. ఎవరూ లేవలేదు.

బుల్లిరాజుగారు తువ్వాలుతో కొడుకు తల తుడుస్తూ అలేఖ్యని పరకాయించి చూశారు. "మావాడు మనసులో మాట పదిమందిలో అనేశాడు. నువ్వేమంటావమ్మా?"

అలేఖ్యకి చెవులు వేడెక్కాయి. అయినా తల దించలేదు. "మా వాళ్ళకి సొంత కుర్చీలు వచ్చాక అడగమనండి, చెబుతాను."

సరుకు ఆగిపోయేసరికి యజమానులే దిగొచ్చారు. కుర్చీలు అడిగినమ్మాయిని తీసేశారన్న మాట కొనేవాళ్ళ చెవిన పడితే ఇంకేమైనా ఉందా, అలేఖ్య ఉద్యోగం జోలికి ఎవరూ పోలేదు. వానలు వెనకబట్టేలోపే గదికి కొత్త కుర్చీలు దిగాయి. గంటగంటకీ షెడ్డులోంచి కొందరు వచ్చి కూర్చుని వెళ్ళేలా ఏర్పాటైంది.

ఆ తర్వాతి ఆదివారం మణిదీప్ ఎర్ర రంగు డబ్బా, కుంచె పట్టుకుని వచ్చాడు. రత్నమాణిక్యమే కబురు పెట్టింది.

"ఎవరి పేరు రాయను పిన్నిగారూ?"

"మాదే రాయండి బాబూ. రొయ్యలు ఒలిచేవాళ్ళవి అని రాయండి. మళ్ళీ ఎవరూ వ్యానెక్కించకుండా."

అతను వంకర అక్షరాలతో ఒక్కో కుర్చీ మీదా రాసుకుంటూ వచ్చాడు. చివరి కుర్చీ దగ్గరికి వచ్చేసరికి అందులో అలేఖ్య కూర్చుని ఉంది.

"లేస్తే రాస్తానండీ."

"లేవను. సొంత కుర్చీలు వచ్చాక అడగమన్నానుగా, ఇప్పుడు అడగండి" అంది. "మీరు మాత్రం నిలబడే అడగాలి."

రంగు అంటిన చేతులతో, అందరి ముందూ, అతను నిలబడే అడిగాడు.